రోజుకి 240: మూడేళ్లలో పది కిలోలు

పొలం దున్ని, మూటలు మోసి, సాయంత్రానికి ఒళ్లు హూనం చేసుకునే మగవాడికి రోజుకి 3,470 కేలరీలు కావాలి. ఆయన కొడుకు శ్రీకాకుళంలో ఏ ఆఫీసులోనో, బట్టల కొట్లోనో కూర్చుని పనిచేసుకుంటే 2,110 సరిపోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 65 కిలోల మగవాళ్ల కోసం 2020లో ఇచ్చిన అంకెలివి. 55 కిలోల ఆడవాళ్లకైతే బరువు పనికి 2,720, కూర్చుని చేసే పనికి 1,660.

తండ్రికీ కొడుక్కీ మధ్య తేడా 1,360 కేలరీలు. బియ్యం లెక్కలో చెప్పుకుంటే 380 గ్రాములకి దగ్గర, వండితే కిలో దాటే అన్నం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒకే తరంలో ఈ మార్పు జరిగిపోయిన ఇళ్లు కోకొల్లలు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, సైకిలు పోయి బండి వచ్చింది, కళ్లం పని పోయి కౌంటరు పని వచ్చింది. కంచం మాత్రం నాన్నది నాన్నదిగానే ఉండిపోయింది. "ఏటి నానా, అంతేనా తిండి? ఇంకాస్త ఎట్టించుకో" అనే అమ్మలూ అలాగే ఉన్నారు. వాళ్ల ప్రేమలో తప్పేమీ లేదు. ఆ కంచం కొలత ఏ పనికి సరిపోయేదో ఆ పని ఇప్పుడు లేదు, అంతే.

ఫలితం అంకెల్లో కనపడుతోంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం ఆడవాళ్లు, 31.1 శాతం మగవాళ్లు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తమ్మీద ఆడవాళ్లలో ఇది 24 శాతం, మగవాళ్లలో 22.9 శాతం. పైగా ఆ సర్వే గీసిన గీత బీఎంఐ 25 దగ్గర. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మనవాళ్లకి ఆ గీత 23 దగ్గరే ఉండాలని మన దేశపు వైద్య నిపుణులు 2009లోనే ఒక మాట మీదకొచ్చారు. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదని కూడా అన్నారు.

గీత ఎందుకు కిందికి దిగిందో చెప్పే ఉదాహరణ ఒకటి వైద్యలోకంలో బాగా ప్రసిద్ధం. 2004లో పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటోని లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కొలిచి చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉన్నా మన ఒళ్లు కొవ్వుని దాచుకుంటుందన్నమాట. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషిని "బక్కోడు, ఆడికేటి" అని వదిలేస్తాం గానీ, షుగరు ముందు పట్టుకునేది చాలాసార్లు ఆ మనిషినే.

లెక్క తేలిగ్గా సాగడానికి ఒక మనిషిని అనుకుందాం. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 75 కిలోలు. బీఎంఐ 27.5 వస్తుంది. పది కిలోలు తగ్గితే 24 దగ్గరికి వస్తాడు. ఆ పది కిలోలు ఎలా తగ్గాలి, ఎన్నాళ్లకి?

పాత లెక్క, కొత్త లెక్క

కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. దీన్ని పట్టుకుని చాలామంది వేసే లెక్క ఇది: రోజుకి 240 కేలరీలు తగ్గిస్తే ఏడాదికి 87,600, దాన్ని 7,700తో భాగిస్తే పదకొండు కిలోల పైచిలుకు. రెండేళ్లకి ఇరవై రెండు, ఐదేళ్లకి యాభై ఏడు! మన 75 కిలోల మనిషి పదేళ్లకి మాయమైపోవాలి. ఈ లెక్కలో ఏదో లోపం ఉందని ఎవరికైనా తెలుస్తూనే ఉంది.

లోపం ఎక్కడుందో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో చూపించింది. ఒంట్లో ప్రతి కిలోని పోషించడానికి రోజుకి కొంత ఖర్చవుతుంది. అది రమారమి 24 కేలరీలు. కిలో తగ్గితే ఆ 24 ఇక అక్కర్లేదు. ఐదు కిలోలు తగ్గితే 120 అక్కర్లేదు. పది తగ్గేసరికి ఆ ఖర్చు సరిగ్గా 240 తగ్గిపోతుంది, మనం మొదట్లో తెచ్చిన తేడా పూడిపోతుంది, బరువు మిషను ముల్లు అక్కడ ఆగుతుంది. సగం బరువు మొదటి ఏడాదిలో, 95 శాతం మూడేళ్లలో తగ్గుతుందని వాళ్ల లెక్క.

కాబట్టి రోజుకి 240 అంటే మొదటి ఏడాది ఐదు కిలోలు, మూడేళ్లకి పదికి కాస్త తక్కువ. ఈ అంకెని మనవాళ్లు మర్చిపోకుండా ఉండడానికి ఒక ఆనవాలు కూడా ఉంది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి కాంస్యం కోసం ఎత్తిన మొత్తం బరువు 110, 130 కలిపి 240 కిలోలే.

ఏడాదికి ఐదు కిలోలేనా అని పెదవి విరిచేవాళ్లకి చెప్పాల్సింది ఒకటుంది. 75 కిలోల్లో ఐదంటే దాదాపు 7 శాతం. అమెరికాలో 3,234 మందితో చేసి 2002లో ఫలితాలు ప్రకటించిన మధుమేహ నివారణ అధ్యయనంలో పాల్గొన్నవాళ్ల ముందు పెట్టిన లక్ష్యం అదే: బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. షుగరు అంచున ఉన్నవాళ్లలో జబ్బు ముదరడం 58 శాతం తగ్గింది. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ చెన్నైది. డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఏ సలహా పాటించనివాళ్లలో మూడేళ్లకి 55 శాతం మంది షుగరు పేషెంట్లయ్యారు. తిండి మార్చుకుని, నడకో సైకిలో పట్టుకున్నవాళ్లలో 39.3 శాతం మందే అయ్యారు. చిత్రమేమిటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గనే లేదు. ముల్లు కదలకపోయినా ఒంటికి మేలు జరుగుతూనే ఉంటుందని ఇంతకన్నా గట్టిగా చెప్పే అంకె నాకు ఇంకోటి కనపడలేదు.

నెల సరుకుల చీటీలోనే ఉంది

ఇప్పుడా 240 ఎక్కడినుంచి తేవాలి? ప్రతి ముద్దనీ తూకం వేసుకు తినడం మన ఇళ్లల్లో సాగేది కాదు. కానీ ప్రతి ఇంటికీ ఒక పక్కా లెక్క ముందే ఉంది. నెలకి ఎన్ని నూనె ప్యాకెట్లు, ఎన్ని కిలోల పంచదార, బియ్యం బస్తా ఎన్నాళ్లొస్తుంది అని అడిగితే ఏ ఇల్లాలైనా ఠక్కున చెప్తుంది. దాన్నే వాడుకోవాలి.

మొదట నూనె. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు అవుతోందనుకోండి. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. ఐదు లీటర్లని నలుగురికీ ముప్పై రోజులకీ పంచితే మనిషికి రోజుకి 38 గ్రాములు. పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి ఇచ్చిన వాటా 27 గ్రాములు. నువ్వుల నూనైనా, వేరుసెనగ నూనైనా, పామాయిలైనా గ్రాముకి 9 కేలరీలే, అందులో దేనికీ మినహాయింపు లేదు. నెలకి ఒక్క ప్యాకెట్టు మానేస్తే మనిషికి రోజుకి 7.6 గ్రాములు, అంటే 68 కేలరీలు తగ్గుతాయి.

ఇది వంటింట్లో ఎలా చెయ్యాలంటే, పొద్దున్నే ఆ రోజుకి సరిపడా నూనె కొలిచి ఒక సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టుకోవడం. నెలకి నాలుగు లీటర్లయితే రోజుకి 133 మిల్లీలీటర్లు. రోడ్డు పక్క బడ్డీలో టీ ఇచ్చే గ్లాసు కన్నా కొంచెం పెద్ద గ్లాసుడు. పొద్దున అట్లకి, మధ్యాహ్నం వేపుడికి, రాత్రి తాలింపుకి అన్నిటికీ అదే. సాయంత్రం పకోడీల మీదకి మనసు పోతే సీసాలో ఏం మిగిలిందో కళ్లెదుటే కనపడుతుంది. ప్యాకెట్టు మూల కత్తిరించి బాణలిలోకి వంచేసే చేతికి ఆ కొలత తెలిసే వీల్లేదు. ఇది అలవాటయ్యాక మూడున్నర లీటర్లకి దిగితే పోషకాహార సంస్థ చెప్పిన 27 గ్రాములకి వచ్చేస్తారు. వంకాయో దొండకాయో వేపుడు కాకుండా ఆవ పెట్టి కూర చేసుకోవడం, చేపల్ని వేయించకుండా పులుసు పెట్టుకోవడం మనకి కొత్తగా ఎవరో నేర్పాల్సిన విద్యలు కావు.

తర్వాత పంచదార. చెంచా అంటే 5 గ్రాములు, 20 కేలరీలు. రోజుకి రెండు టీలు, ఒక్కోదాన్లో రెండేసి చెంచాలు అయితే 80. చెంచా చొప్పున తగ్గిస్తే 40 మిగులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మెరుగైన హద్దు రోజుకి 25 గ్రాములు, అంటే ఐదు చెంచాలు. బెల్లం వేసుకుంటున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. దాని కేలరీలు పంచదార కన్నా కాస్త తక్కువ, అంతే. గుమ్మడికాయ పులుసులో వేసే ముక్కా, పండక్కి తినే అరిసే ఆనందంగా తినండి గానీ, అవి పంచదార ఖాతాలోకే వెళ్తాయి.

నూనె 68, పంచదార 40. మొత్తం 108. అన్నం జోలికి ఇంకా వెళ్లనేలేదు.

అన్నం గురించి తొందరపడొద్దనే నా సలహా. ఒక్కసారిగా అన్నం మానేసి చపాతీలకి మారినవాళ్లు నెల తిరక్కుండా వెనక్కి వచ్చేయడం మనం చూస్తూనే ఉంటాం. ముందు లెక్క చూసుకోండి. రేషన్ బియ్యం మనిషికి నెలకి ఐదు కిలోలు. రోజుకి 167 గ్రాములు, కేలరీల్లో 580 పైన. దానికి తోడు బయట కొనే 26 కిలోల బస్తా ఎన్నాళ్లొస్తోంది? నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో మొత్తం 39 కిలోలు అవుతుంటే మనిషికి రోజుకి 325 గ్రాములు. పోషకాహార సంస్థ 2,000 కేలరీల కంచంలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి ఇచ్చిన వాటాయే 250 గ్రాములు. అదే కంచంలో కూరగాయలు 400 గ్రాములు, పప్పులూ మాంసాహారం కలిపి 85, గింజలు 35, పాలు 300 మిల్లీలీటర్లు. మన కంచంలో బాగా తక్కువయ్యేది ఆ 400 గ్రాముల కూరే. అందుకే అన్నం తీసేద్దామనుకునేకన్నా కూర పెంచుదామనుకోవడం నయం. తోటకూర పప్పు, కంద బచ్చలి, ఆనపకాయ ఎక్కువ వడ్డించుకుంటే మూడోసారి అన్నం పెట్టించుకోవడం దానంతటదే తగ్గుతుంది. ఎదిగే పిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్లనీ ఈ లెక్కల్లోకి లాగకండి. వాళ్ల లెక్క వేరు.

చోడి అంబలి గురించి ఒక మాట చెప్పకపోతే మన ప్రాంతంవాళ్లు ఒప్పుకోరు. చోళ్లు తింటే సన్నబడతామనేది ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. వంద గ్రాముల చోళ్లలో 320 కేలరీలుంటాయి, బియ్యంలో 356. తేడా స్వల్పం. చోళ్ల గొప్పదనం వాటిలోని 11 గ్రాముల పీచు, 364 మిల్లీగ్రాముల కాల్షియం. అంబలి గొప్పదనమైతే నీళ్లలో ఉంది. 30 గ్రాముల పిండి గ్లాసుడు అంబలవుతుంది, అందులో ఉండేది 96 కేలరీలు. మజ్జిగ, ఉల్లిపాయ కలుపుకుని తాగితే రెండు మూడు గంటలు ఆకలి తెలీదు. అదే పిండిని ముద్దగా వండుకుని కడుపునిండా తింటే అన్నం తిన్నట్టే. పలాస జీడిపప్పుకీ ఇదే నియమం. పది పలుకులు 14 గ్రాములు, 80 కేలరీల చిల్లర. మంచి తిండే. కాకపోతే టీవీ ముందు గిన్నె పెట్టుకుంటే పదితో ఆగదు.

అరగంట సైకిలు

ఇక 240లో మిగిలిన సగం. గంటకి 15 కిలోమీటర్ల వేగంతో, పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగినంత తీరిగ్గా వెళ్తే, ఊరికే కూర్చున్నప్పటి ఖర్చు తీసేయగా 75 కిలోల మనిషికి అరగంటలో 180 కేలరీలు ఖర్చవుతాయి. ఏడున్నర కిలోమీటర్ల దూరం. ఇంకా నెమ్మదిగా, అరసవిల్లి గుడికి వెళ్తున్నట్టు తొక్కితే 110. కాస్త గట్టిగా 17, 18 వేగం పట్టుకుంటే 215 దాకా. మధ్యరకం 180 తీసుకుని వారానికి ఐదు రోజులు తొక్కితే 900. ఏడు రోజులకి సర్దితే రోజుకి 129.

108కి 129 కలిపితే 237. మన 240 వచ్చేసింది. ఐదు అరగంటలంటే వారానికి 150 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన కనీస వ్యాయామం కూడా అక్కడికక్కడే పూర్తయింది.

ఇందులో ఒక చిల్లు ఉంది, దాచడం న్యాయం కాదు. 1,754 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం వ్యాయామంతో ఖర్చుచేసే దాంట్లో సగటున 28 శాతాన్ని ఒళ్లు మరోచోట పొదుపు చేసుకుంటుంది. అంటే 129లో 36 పోతాయి. అవి పూడ్చడానికి పది గ్రాముల బియ్యం, ఒక చిన్న ముద్ద అన్నం తగ్గితే చాలు. అసలు ప్రమాదం ఒళ్లు చేసే పొదుపుతో కాదు, సైకిలు దిగాక కనపడే టిఫిన్ బండితో. అరగంట తొక్కిన 180ని ఒక ప్లేటు పుణుగులు ఐదు నిమిషాల్లో మింగేస్తాయి. ఆకలేస్తే రెండు ఇడ్లీలు తినండి, ఒక్కోటి 50, 60 కేలరీలు మించవు.

సైకిలే ఎందుకు, నడవచ్చు కదా? నడవచ్చు. కానీ బరువున్నవాళ్ల మోకాళ్ల మీద నడకలో పడే భారం సైకిలు మీద పడదు, సీటు మోస్తుంది. రెండోది, సైకిలు ఎక్కడికైనా చేరుస్తుంది. విజయనగరం నుంచి నెల్లిమర్ల ఎనిమిది కిలోమీటర్లకి అటూ ఇటూ. అక్కడి జూట్‌మిల్లుకి సైకిలు మీద పోయి వచ్చే కార్మికుడికి వ్యాయామం అనే మాటతో పనే లేదు, రెండు అరగంటలు జీతంతోపాటే వచ్చేస్తాయి. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస స్టేషనుకి సుమారు పన్నెండు, శ్రీకూర్మానికి దాదాపు అంతే, అరసవిల్లికైతే రెండు. బ్రిటన్‌లో 2,63,450 మంది ఉద్యోగుల్ని గమనించి 2017లో ప్రచురించిన పరిశోధనలో, పనికి సైకిలు మీద వెళ్లేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. ఆ తేడా అంతా సైకిలు పుణ్యమేనని చెప్పలేం, సైకిలు తొక్కేవాళ్ల మిగతా అలవాట్లు కూడా బాగుండి ఉండొచ్చు. అయినా అంకె పెద్దదే.

మన జిల్లాల నేల దీనికి అనువైనది. తీరం వెంట చాలామటుకు చదును. మే, జూన్ నెలల్లో ఐదుంబావుకల్లా తెల్లారిపోతుంది కాబట్టి ఆరున్నరలోపు ఇల్లు చేరిపోవచ్చు. తర్వాతి ఉక్కలో తొక్కడం ఒంటికి మంచిది కాదు. సాయంత్రం సముద్రం వైపు వెళ్తే గాలి ఎదురొస్తుంది, కాబట్టి పోయేటప్పుడు కష్టపడి వచ్చేటప్పుడు హాయిగా రావచ్చు. జాతీయ రహదారి 16 మీదకి మాత్రం వెళ్లకండి. లారీల పక్కన తొక్కడానికి ఏ లెక్కా ఒప్పుకోదు. ఊరి రోడ్లు, కాలవగట్లు, చెరువుగట్లు ఎన్నో ఉన్నాయి.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి రోడ్లే లేవు. ఒక వారమంతా సైకిలు తియ్యలేకపోతే పోయేది 900 కేలరీలు, కొవ్వు లెక్కన 117 గ్రాములు. సంక్రాంతి మూడు రోజులూ రోజుకి వెయ్యి చొప్పున ఎక్కువ తిన్నా 390 గ్రాములు. ఒక వారం తప్పిందని మొత్తం మానేసేవాళ్లు పోగొట్టుకునేది ఆ 117 గ్రాములు కాదు, మిగతా యాభై వారాలు.

ముల్లు చెప్పే అబద్ధం

పండగ మర్నాడు మిషనెక్కితే రెండు కిలోలు పెరిగినట్టు చూపిస్తుంది. భయపడక్కర్లేదు. ఒంట్లో దాచుకునే పిండిపదార్థం ప్రతి గ్రాముకీ మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆవకాయలో ఉప్పు ఇంకొంచెం నీటిని ఆపుతుంది. అన్నం పూర్తిగా మానేసే డైట్లలో మొదటి వారమే రెండు కిలోలు పోవడం వెనకున్న రహస్యం కూడా ఇదే. పోయింది ఎక్కువగా నీళ్లు, అన్నం ముట్టగానే తిరిగొస్తాయి.

మన 240 లెక్కలో మొదటి వారాల్లో కరిగే కొవ్వు వారానికి 218 గ్రాములు. ఒంట్లో నీరు రోజుకి కిలో అటూ ఇటూ ఊగుతూ ఉంటే దాని కింద ఈ పావుకిలో కనపడేదెలా? కళింగపట్నం ఒడ్డున ఒక్క అలని చూసి పోటో ఆటో చెప్పలేం, కాసేపు నిలబడాలి. మూడో వారంలో "ఏం తగ్గలేదు" అని మానేసేవాళ్లందరూ నిజానికి అరకిలోకి పైగా తగ్గినవాళ్లే. పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, వారానికి మూడు రోజులు చూసి సగటు రాసుకోండి. ఈ నెల సగటుని పోయిన నెలతో పోల్చండి. నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. సైకిలు తొక్కేవాళ్లకి బరువు కన్నా ముందు నడుం తగ్గడం మామూలే, పంట్లాం బెల్టు ఒక చిల్లు వెనక్కి వెళ్తుంది.

పది కిలోలు తగ్గాక అదే అరగంటకి 180 కాదు, 156 కేలరీలే ఖర్చవుతాయి. మోయాల్సిన మనిషి తేలికయ్యాడు కదా. ఇంకా తగ్గాలంటే ఇంకో మార్పు కావాలి. అక్కడే ఉండాలన్నా పాత మార్పులు కొనసాగాలి. అమెరికాలో 1994లో మొదలైన ఒక నమోదు పట్టికలో పదమూడున్నర కిలోలకి పైగా తగ్గి, కనీసం ఏడాదిపాటు మళ్లీ పెరగనివాళ్ల వివరాలు రాసుకుంటూ వస్తున్నారు. వాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది రోజుకి సగటున గంట వ్యాయామం చేస్తారు. నలుగురిలో ముగ్గురు వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. బరువు దించడంలో వంటింటిది పెద్ద చెయ్యి, దిగినదాన్ని నిలపడంలో సైకిలుది.

ఉద్దానంలో ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలవాళ్లకి బరువు తగ్గే సలహాలేవీ యథాతథంగా పనికిరావు. అక్కడ ఎందరి ప్రాణాలో తీసిన కిడ్నీ జబ్బుకి కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. ఈ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ లేకుండా ముదురుతుంది కాబట్టి, బరువు తగ్గే ప్రయత్నం మొదలుపెట్టేముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి.

అన్నం మానేసి రోజూ ఆరేడు గుడ్లు, మాంసం, డబ్బాల్లో దొరికే ప్రొటీన్ పొడులు తినమని చెప్పే డైట్లు ఇక్కడివాళ్లకి నిజంగా ప్రమాదం. మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీను సరిపోతుందని పోషకాహార సంస్థ చెప్తోంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకి ఎంతన్నది డాక్టరే చెప్పాలి. సైకిలు తొక్కాక మోకాళ్లు నొప్పెడితే మందులషాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు అడిగి వేసుకోవద్దు, అవి కిడ్నీల మీద పడతాయి. ఎండలో చెమట కారేలా తొక్కి నీళ్లు తాగకపోవడం కూడా అంతే చెరుపు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడే షుగరు పేషెంట్లు పరగడుపున తొక్కకూడదు. దారిలో షుగరు పడిపోతే పక్కన ఎవరూ ఉండకపోవచ్చు.

బడి సైకిలు

ఆడవాళ్ల అంకె 36.3 దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ లెక్కల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. 2017 ప్రాంతంలో రాష్ట్రప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లిచ్చింది. పక్కూరి బడికి వరసగా సైకిళ్ల మీద వెళ్లే పిల్లల్ని మన రోడ్ల మీద అందరం చూశాం. పదో తరగతి అయ్యాక, పెళ్లయ్యాక ఆ పిల్లలు సైకిలెక్కడం దాదాపు ఎక్కడా కనపడదు. తొక్కడం మర్చిపోయి కాదు. "పెద్దదానివయ్యావు, సైకిలేటి?" అన్న ఒక్క మాట ఆపేసింది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది పల్లె ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. బావుల దగ్గరికి, సంతకి, పనికి వాళ్లే తొక్కుకుంటూ వెళ్లారు. అక్కడ జరిగింది ఇక్కడ జరగకపోవడానికి కారణమేమీ లేదు.

60 కిలోల ఆడమనిషి అరగంట తొక్కితే 144 కేలరీలు. నూనె, పంచదారల్లోంచి వచ్చే 108కి వారానికి ఐదు రోజుల సైకిలు కలిపితే రోజుకి 211, మొదటి ఏడాదికి నాలుగు కిలోలకి పైగా. దీనికి కొత్త సైకిలు కొననక్కర్లేదు. చూరుకింద మూలపడిన బడి సైకిలుకి ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్పించి, చైనుకి నూనె వేయిస్తే నడుస్తుంది. కాకపోతే పద్నాలుగేళ్ల పిల్ల ఎత్తుకి పెట్టిన సీటు మీద తల్లి తొక్కితే మోకాలు ముందువైపు నొప్పెట్టడం ఖాయం, వారానికే మానేస్తుంది. కాబట్టి పంచరు షాపులో ఇంకో పని కూడా చేయించండి. సైకిలుని ఎవరైనా పట్టుకుంటే సీటు మీద కూర్చుని, ఒక పెడల్‌ని అట్టడుగుకి దించి, దాని మీద మడమ ఆనించాలి. అప్పుడు మోకాలు తిన్నగా చాచుకోవాలి. వంగి ఉంటే నట్టు వదులుచేసి సీటు అంగుళం అంగుళంగా పైకి లేపమనండి. సీటు కడ్డీ మీద ఒక గీత ఉంటుంది, అది బయటపడేంత ఎత్తుకి మాత్రం తియ్యొద్దు. తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండాల్సింది మడమ కాదు, పాదం ముందుభాగం. అప్పుడు కాలు అడుగుకి వెళ్లినా మోకాలు కాస్త వంగే ఉంటుంది, నొప్పి రాదు. గాలి రెండు చక్రాలకీ గట్టిగా కొట్టించుకుని, మొదటి వారం పది నిమిషాలు, రెండో వారం పావుగంట, నెల దాటాక అరగంట.